నాలుగు తొమ్మిదులు

ఫిబ్రవరి 2

ఈ డైరీ ఒక సిమెంటు కంపెనీ వాళ్ళు ఆఫీసులో అందరికీ పంచారు. ప్రతి పేజీ అడుగునా వాళ్ళ సిమెంటు ఎంత గట్టిదో చెప్పే ఒక వాక్యం ఉంది. ఎవరికీ చూపించనక్కర్లేని రాతలకి ఇంత గట్టి అట్ట ఎందుకో తెలియదు. ఊరికే వచ్చింది కదా అని రాస్తున్నాను.

ఇవాళ చీఫ్ గదిలోకి పిలిచి ఫ్లైఓవర్ ఫైలు నా చేతిలో పెట్టాడు. మ్యాపు మీద రెండు గీతలున్నాయి. ఎర్ర గీత పాత మిల్లు వెనక సందుల మీదుగా పోతుంది. నీలి గీత పార్కు పక్కనుంచి, కొత్త అపార్ట్‌మెంట్ల ముందునుంచి పోతుంది. సిమెంటు, ఇనుము, కూలి అన్నీ కలిపితే రెండూ దాదాపు సమానం. "తేల్చాల్సింది నువ్వే. జనానికి జరిగే నష్టం ఎటు తక్కువైతే రోడ్డు అటు," అన్నాడు.

నా పని అదే. ఒకప్పుడు రోడ్డు వేస్తే కంకరా తారూ లెక్కపెట్టేవాళ్ళు, అంతటితో సరి. ఆ రోడ్డు పక్కన ఎవడు దగ్గినా, ఎవడికి నిద్ర లేకపోయినా అది వాడి ఖర్మ. ఇప్పుడు అలా కాదు. కొట్టేసిన చెట్టుకీ, పీల్చిన పొగకీ, చెవిలో పడ్డ మోతకీ ధర కట్టి రోడ్డు ఖర్చులో కలపాలి. ఆ ధర కట్టేవాణ్ణి నేను. గొప్పలు చెప్పుకోవడం కాదు గాని, మా వృత్తి వచ్చాకే బీదవాడి దగ్గు కూడా ఫైల్లోకి ఎక్కింది.

ఇంటికొచ్చి మా ఆవిడతో ఈ మాటే అన్నాను. "ముందు నేను చేసే చాకిరికి ధర కట్టండి. ఊరి సంగతి తర్వాత చూద్దురు గాని," అంది, కూర తరగడం ఆపకుండానే. ఆమెకి హాస్యం పాలు ఎక్కువ.

ఫిబ్రవరి 7

ఎర్ర గీత అక్క సందులోంచే పోతుంది. మొదటిరోజే మ్యాపులో చూశాను. ఇవాళ శనివారం, ఆఫీసు సగం రోజే. ఊరికే వెళ్ళినట్టు అక్క ఇంటికి వెళ్ళాను.

అక్క నాకంటే పదకొండేళ్ళు పెద్దది. ఇంటి ముందుగదిలో పసిపిల్లల్ని చూసుకుంటుంది. మొత్తం పద్నాలుగు మంది. మావాడు కూడా ఆ గదిలోనే నడక నేర్చుకున్నాడు. పిల్లల తల్లులంతా సందుకి అటువైపున్న బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తారు. పొద్దున సందు దాటి పిల్లల్ని దించిపోతారు. పాలు తాగే పిల్లలున్నవాళ్ళు మధ్యాహ్నం విరామంలో పరుగెత్తుకొచ్చి పాలిచ్చి మళ్ళీ పరుగెత్తుతారు. విరామం ఇరవై నిమిషాలు. సందు దాటడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఫ్లైఓవర్ వస్తే కింద పొడుగునా కంచె వేస్తారు. అప్పుడు దాటాలంటే చివరిదాకా నడిచి చుట్టూ తిరిగి రావాలి. ప్లాను ప్రకారం పదహారు నిమిషాలు, ఒకవైపుకే.

నేను వెళ్ళేసరికి పిల్లలంతా చాపల మీద వరసగా నిద్రపోతున్నారు. అక్క పెదవుల మీద వేలు పెట్టుకుని తలుపు తీసింది.

"ఏరా, ఈ వేళప్పుడొచ్చావు? మీ ఆవిడతో ఏమైనా గొడవా?"

"కాదక్కా. రోడ్డు సంగతి..."

"మెల్లిగా. ఆ చివర పడుకున్నాడే, వాడు చీమ నడిచినా లేస్తాడు."

గుసగుసగానే చెప్పాను. సర్వేవాళ్ళు వస్తారని, పక్కన ఫ్లైఓవర్ మోత భరించడానికి నెలకి ఎంతిస్తే ఒప్పుకుంటారని అడుగుతారని.

"ఇస్తారా మరి?"

"ఇవ్వరక్కా. లెక్క కోసం అడుగుతారు."

"ఇవ్వని డబ్బు ఎంత కావాలని అడగడమేంట్రా? మీ ఆఫీసులో ఇంకేం పని లేదా?"

"ఇస్తారని ఊహించుకుని చెప్పాలి."

"సరే, ఊహించుకున్నాను. వద్దు. ఎంతిచ్చినా వద్దు. వీళ్ళు ఎక్కడ పడుకుంటారు?"

చివరివాడు లేవనే లేచాడు. అక్క వాడి వీపు మీద చెయ్యేసి జోకొడుతూ నన్ను మర్చిపోయింది. వెళ్ళొస్తానని చెప్పకుండానే వచ్చేశాను.

నీలి గీత మా కొత్త ఫ్లాటు ముందునుంచి పోతుంది. ఇటు అక్క, అటు నేను. రెండువైపులా నా వాళ్ళే ఉన్నారు కాబట్టి నేను ఎటూ మొగ్గే ప్రసక్తి లేదు. చీఫ్‌తో చెప్పాలా అనుకున్నాను. అడిగితే చెబుతాను. మేం ఫ్లాట్‌లోకి మారి ఎనిమిది నెలలైంది గాని ఆఫీసు రికార్డుల్లో ఇంకా పాత అద్దింటి అడ్రసే ఉంది. మార్పించాలి.

ఫిబ్రవరి 12

సమయం పట్టిక తయారుచేశాను. ఫ్లైఓవర్ వల్ల కారులో పోయేవాడికి నాలుగు నిమిషాలు కలిసొస్తాయి. అతని నిమిషానికి ధర ఉంది. బస్సులో పోయేవాడికి రెండు నిమిషాలు. కొంచెం తక్కువే అయినా అతని నిమిషానికీ ధర ఉంది. నడిచేవాళ్ళకి పట్టికలో గడి ఉంది గాని గడిలో అంకె లేదు, ఒక అడ్డగీత ఉంది.

చీఫ్‌ని అడిగాను. "నడిచేవాళ్ళ సంగతి వచ్చే ప్రాజెక్టులో చూద్దాం," అన్నాడు. పోయిన ప్రాజెక్టులోనూ ఇదే మాట అన్నాడు. మాట మీద నిలబడే మనిషి.

ఫిబ్రవరి 17

కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె నా కింద పనిచేస్తోంది. అందరూ కొత్తమ్మాయి అంటారు. సర్వే ఫారాలన్నీ కంప్యూటర్లో ఎక్కించేది ఆమే.

'ఎంతిచ్చినా వద్దు' అనే మాటకి మా మాన్యువల్లో ఒక పేరుంది: నిరసన జవాబు. అలా అన్నవాడికి ప్రశ్న అర్థం కాలేదని భావించాలి. వంద ఇమ్మన్నవాడి విలువ వంద, వెయ్యి ఇమ్మన్నవాడిది వెయ్యి. ఎంతిచ్చినా వద్దన్నవాడిది ఏమీ లేదు. వాడి ఫారంలో అంకె ఉండాల్సినచోట గుర్తుగా నాలుగు తొమ్మిదులు కొట్టాలి. చివర్లో కంప్యూటరుకి తొమ్మిదులున్నవాటిని వదిలెయ్యమని చెప్పాలి. కొట్టేది కొత్తమ్మాయి, వదిలెయ్యమని చెప్పేది నేను.

"అంటే సార్, అందరికంటే ఎక్కువ నష్టపోతామన్నవాళ్ళని తీసేస్తామా?" అంది.

"నష్టపోయేవాళ్ళని కాదమ్మా. అంకె చెప్పనివాళ్ళని."

తల ఊపి రాసుకుంది. తెలివైన పిల్లే గాని ఇంకా కాలేజీ వాసన వదల్లేదు.

ఫిబ్రవరి 24

సర్వే నడుస్తోంది. ఎండలు ముదురుతున్నాయి.

మార్చి 5

ఫలితం వచ్చింది. కలలో కూడా అనుకోలేదు.

ఎర్ర గీత వైపు రెండు వందల పన్నెండు ఇళ్ళవాళ్ళని అడిగారు. మోత భరించడానికి సగటున ఇంటికి నెలకి మూడు వేల తొంభై ఒకటి కావాలన్నారు. నీలి గీత వైపు, పార్కు పక్కనుండే మాబోటివాళ్ళు అడిగింది రెండు వేల మూడు వందల చిల్లర. అంటే పాత మిల్లు సందుల్లోని నిశ్శబ్దం మా నిశ్శబ్దం కంటే ఖరీదు.

చీఫ్ రెండుసార్లు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "చూశావా, బీదవాళ్ళు కూడా ప్రశాంతతకి విలువిస్తారు," అన్నాడు, కొత్త జంతువునేదో కనిపెట్టినట్టు. ఆ వాక్యాన్ని రిపోర్టు మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో పెట్టమన్నాడు. అందరికీ టీ తెప్పించాడు. సిఫారసు నీలి గీతకే.

ఆఫీసు మెట్ల దగ్గర నిలబడి అక్కకి ఫోన్ చేశాను. "మీ సందు బతికిందక్కా," అన్నాను. అటునుంచి ముక్కు చీదిన చప్పుడు. "నీ లెక్కలు పిచ్చివనుకున్నాన్రా. చల్లగా ఉండు," అంది. ఇరవై మూడేళ్ళ ఉద్యోగంలో నా పని వల్ల ఒకరు సంతోషంతో ఏడవడం ఇదే మొదటిసారి.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను.

"పోన్లెండి, పాపం వదిన హడలిపోతోంది. అయితే రోడ్డు ఎటు పోతుందట?"

నేను బాల్కనీ వైపు చూశాను. ఆమె కూడా చూసింది.

"ఎంత దూరం?"

"పద్దెనిమిది మీటర్లు."

"ఎంత ఎత్తు?"

"మూడో అంతస్తంత."

మాది మూడో అంతస్తు.

మార్చి 6

బాల్కనీలో నిలబడి పద్దెనిమిది మీటర్లు ఎంతుంటుందో అంచనా వెయ్యబోయాను. గాల్లో కదా, కుదరలేదు. పార్కులో చెట్లు లెక్కపెట్టాను. నీలి గీత వేస్తే నలభై చెట్లు పోతాయి. పర్యావరణం గురించి ఎవరో ఒకరు ఆలోచించాలి.

మార్చి 7

రిపోర్టు అచ్చుకి వెళ్ళేలోపు ఫారాలన్నీ ఒకసారి సరిచూడాలని నిర్ణయించుకున్నాను. ఇది వృత్తిధర్మం. మామూలుగా నేను రెండోసారి చూడను. కానీ ఇది పెద్ద ప్రాజెక్టు.

మా ఆవిడ కిటికీలకి డబుల్ అద్దాలు వేయించాలంటే ఎంతవుతుందో ఎవరినో ఫోన్లో అడుగుతోంది.

మార్చి 9

దొరికింది.

ఎర్ర గీత వైపు అరవై ఒక్క మంది ఎంతిచ్చినా వద్దన్నారు. కొత్తమ్మాయి మాన్యువల్ ప్రకారం అరవై ఒక్క చోట్ల నాలుగు తొమ్మిదులు కొట్టింది. వాటిని వదిలెయ్యమని కంప్యూటరుకి ఎవరూ చెప్పలేదు. అది పాపం తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది నిజంగానే అడిగారనుకుని కలిపేసింది. తొమ్మిదులు తీసేస్తే ఆ సందుల సగటు మూడు వందలు. మావైపు అలా అన్నవాళ్ళు నలుగురే. వాళ్ళని తీసేసినా రెండు వేల రెండు వందలు ఎక్కడికీ పోదు.

అరవై ఒక్కటిలో ఒక ఫారం అక్కది. ఊహించుకున్నాక కూడా అదే మాట చెప్పిందన్నమాట.

కొత్తమ్మాయిని పిలిచి చూపించాను. ముఖం పాలిపోయింది. మెల్లిగా అంది, "తొమ్మిదుల్ని వదిలెయ్యమని చెప్పాల్సింది మీరు కదా సార్."

"ఎవరి తప్పన్నది ఇప్పుడు ముఖ్యం కాదమ్మా," అన్నాను.

"అసలు తప్పేముంది సార్? వాళ్ళు ఎంతిచ్చినా వద్దన్నారు. పెద్ద అంకె పడింది. వాళ్ళన్నదే కదా పడింది?"

ఈ పిల్ల ఈ ఆఫీసులో ఎక్కువకాలం ఉండదేమో.

మార్చి 10

చెప్పకపోతే ఏమవుతుంది? రోడ్డు మా ముందుకొస్తుంది. అక్క పిల్లలు నిద్రపోతారు. తప్పు లెక్క వల్ల మంచి జరిగితే ఎవరికి నష్టం?

కానీ అంకె అబద్ధం. అబద్ధపు అంకె మీద నా సంతకం ఉంటుంది.

చెబితే నాకు లాభమని నాకు తెలుసు. తెలిసే ఆలోచిస్తున్నాను. నాకు లాభమన్న ఒక్క కారణంతో నిజాన్ని దాచిపెడితే అదీ పక్షపాతమే కదా. నా విషయంలో నేను మరీ అంత కఠినంగా ఉండకూడదు. ఈ మాట మా ఆవిడతో అన్నాను.

ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతోంది. "నాకా రోడ్డు మన ముందుకి రావడం ఇష్టం లేదు. నాది స్వార్థమే, ఒప్పుకుంటాను. మీరు వెళ్ళి చెప్పదలుచుకుంటే చెప్పండి. దానికి నిజాయితీ అని పేరుపెట్టి నాకు మాత్రం వినిపించకండి," అంది.

మార్చి 11

ఆఫీసు రికార్డుల్లో అడ్రసు మార్పించాలి.

మార్చి 13

చెప్పేశాను.

చీఫ్ తల పట్టుకుని కూర్చున్నాడు. మొదటి పేజీలో పెద్ద అక్షరాల వాక్యం ఆయనకి బాగా నచ్చింది మరి. "కొత్తపిల్లలతో ఇదే గొడవ," అన్నాడు. నేను ఏదో అనబోయాను. ఈలోపు ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు.

"ఆగాగు. మీ అక్కగారు ఉండేది ఆ మిల్లు సందులోనే కదా? ఒకసారి నువ్వే చెప్పావు."

"అవునండి."

"సొంత అక్క ఇంటి ముందుకి రోడ్డొస్తుందని తెలిసి కూడా తప్పు బయటపెట్టావా! నువ్వు నిప్పువయ్యా."

ఆ క్షణంలో ఫ్లాటు సంగతి చెబుదామనుకున్నాను. నిజంగా అనుకున్నాను. కానీ ఆయన కళ్ళు చెమర్చాయి. అలాంటప్పుడు మధ్యలో అడ్డు తగలడం మర్యాద కాదు.

మాన్యువల్ చూశాం. పావువంతు కంటే ఎక్కువమంది నిరసన జవాబు చెబితే సర్వే మళ్ళీ చెయ్యాలట. అరవై ఒకటంటే పావువంతు దాటింది. రెండోసారి కూడా అంతే అయితే, వాళ్ళని తీసేసి మిగిలినవాళ్ళతోనే లెక్క కట్టేయొచ్చట. ఏప్రిల్లో రెండువైపులా మళ్ళీ అడుగుతారు.

మంచిదే. అక్కవాళ్ళకి ఇంకో అవకాశం వచ్చింది. ఒక అంకె చెబితే చాలు, అది లెక్కలోకి వస్తుంది.

మార్చి 14

ఆఫీసులో నన్ను 'నిప్పు సార్' అంటున్నారట. కొత్తమ్మాయి మాత్రం 'సార్' అనే అంటోంది.

మార్చి 22

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగు జరిగింది. సెక్రటరీ పళ్ళ డాక్టరు. ఫ్లైఓవర్ మాట వినగానే అందరూ ఒక్కసారిగా లేచారు. ధర్నా అన్నారొకరు. కోర్టు అన్నారొకరు. పార్కులో కుక్కని తిప్పే పెద్దాయన "ప్రాణం పోయినా ఒప్పుకోను. ఎంతిచ్చినా సరే!" అని బల్ల గుద్దాడు.

నేను ఉండబట్టలేకపోయాను.

"ఆ మాట మాత్రం అనకండి," అన్నాను.

అందరూ నావైపు తిరిగారు. ఈ రంగంలో నాకు కొంచెం అనుభవం ఉందని చెప్పాను. ఎక్కడ పనిచేస్తానో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. వద్దంటే పేరు కొట్టేస్తారని, అంకె చెబితే లెక్కలోకి తీసుకుంటారని వివరించాను. మరీ పెద్దది చెబితే నమ్మరు. నాలుగు వేలకి కాస్త అటూ ఇటూగా, ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పకుండా, కొంచెం ఆలోచించి చెబుతున్నట్టు చెప్పాలి.

"మూడు వేల ఎనిమిది వందలు అనొచ్చా?" అన్నాడు డాక్టరు.

"భేషుగ్గా ఉంటుంది."

"నాలుగు వేల మూడు వందల యాభై?" అంది రెండో అంతస్తావిడ.

"యాభై వద్దండి. బేరమాడినట్టుంటుంది."

చప్పట్లు కొట్టారు. బిస్కెట్లు నా ముందుకి జరిపారు. ఇది మోసం కాదు. ప్రజలకి అవగాహన కల్పించడం. అవగాహన లేకే కదా సర్వేలు చెడిపోయేది.

మెట్లెక్కుతుంటే మా ఆవిడ అడిగింది, "వదినకి చెప్పారా ఇది?"

"అక్కడ చెబితే సర్వేని ప్రభావితం చేసినట్టవుతుంది. నేను ఆ ప్రాజెక్టులో ఉన్నవాణ్ణి."

ఆమె తాళం తీసింది.

మార్చి 29

అక్క ఫోన్ చేసింది. సర్వేవాళ్ళు మళ్ళీ వస్తున్నారని సందంతా గుప్పుమందట. "ఈసారి ఏం చెప్పమంటావురా? అందరూ నన్నే అడుగుతున్నారు, మీ తమ్ముడు అక్కడే కదా, కనుక్కో అని. నువ్వెలా చెబితే అలా చెబుతాం."

సలహా చెప్పాను.

సాయంత్రం బాల్కనీలో కుండీలు సర్దాను. ఒక మొక్కకి కొత్త చిగురేసింది.

మార్చి 30

ఇవాళ మళ్ళీ ఆలోచించాను. సలహా సరైనదే.

ఏప్రిల్ 2

సరైనదే. ఎవరైనా అదే చెబుతారు.

ఏప్రిల్ 9

సర్వేవాళ్ళు మా ఇంటికొచ్చారు. ఫారం పట్టుకున్న అతను నన్నెప్పుడూ చూడలేదు. ఆ ఫారంలోని ప్రశ్న రాసింది నేనేనని అతనికి తెలియదు. చివర్లో చిన్న తప్పు కూడా ఉంది, సరిచెయ్యాలి.

"సార్, ఇంటి ముందు ఫ్లైఓవర్ వస్తే ఆ మోత భరించడానికి మీకు నెలకి ఎంతిస్తే ఒప్పుకుంటారు?"

కొంచెం ఆలోచిస్తున్నట్టు కిటికీలోంచి చూశాను. "నాలుగు వేల రెండు వందలు," అన్నాను.

రాసుకున్నాడు. మా ఆవిడ మంచినీళ్ళు తెచ్చి అతనికిచ్చింది. "నన్ను కూడా అడుగుతారా?" అంది.

"ఇంటికి ఒక్కరేనమ్మా."

"నాకు ఎంతిచ్చినా వద్దు బాబూ," అంది. అతను నవ్వి గ్లాసు తిరిగిచ్చాడు. ఆమె నావైపు చూడలేదు.

ఏప్రిల్ 16

ఫారాలొచ్చాయి. కొత్తమ్మాయి కట్టలు విప్పి నా బల్ల మీద పెట్టింది.

మావైపు సగటు నాలుగు వేల నూట పది. నిరసన జవాబు ఒక్కటి కూడా లేదు. కుక్కని తిప్పే పెద్దాయన మూడు వేల తొమ్మిది వందలన్నాడు.

మిల్లు సందుల్లో రెండు వందల పన్నెండు మందిలో నూట నలభై ఎనిమిది మంది ఎంతిచ్చినా వద్దన్నారు. పోయినసారి అరవై ఒకటి. పోయినసారి రెండొందలో మూడొందలో చెప్పినవాళ్ళు కూడా ఈసారి వద్దనే చెప్పారు. చెప్పినవాళ్ళంతా ఒకే మాట చెప్పారు.

"ఇలా ఎందుకైంది సార్?" అంది కొత్తమ్మాయి. "ఈ ఇంటావిడ ఫారంలో ఏదో రాయించారు, చూడండి." ఇతర వివరాలు అనే గడిలో సర్వే అతను రాసింది చదివింది: "'మేం ఏం చెప్పాలో తెలియక మా తమ్ముణ్ణి అడిగాను. మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పండి అన్నాడు. వాడు ఆ ఆఫీసులోనే పనిచేస్తాడు. అందుకే సందులో అందరికీ అదే చెప్పాను.'"

చదివి ఫారం బల్ల మీద పెట్టింది. పెట్టి అక్కడే నిలబడింది.

అవును, అదే అన్నాను. మార్చి 29న ఫోన్లో అక్షరాలా అదే అన్నాను.

ఏప్రిల్ 17

కొత్తమ్మాయి ఇవాళ రాలేదు. మెయిల్ పెట్టింది. వేరేచోట ఉద్యోగం చూసుకుంటుందట.

తొమ్మిదుల్ని వదిలెయ్యమని ఈసారి మర్చిపోకుండా నేనే కంప్యూటరుకి చెప్పాను. నూట నలభై ఎనిమిది ఇళ్ళు పోయాయి. మిగిలిన అరవై నాలుగు ఇళ్ళ సగటు మూడు వందల పది. చీఫ్ చూసి "ఇప్పుడు నమ్మేటట్టుంది," అన్నాడు.

సిగ్గుగా ఉంది. అంకె చెప్పక్కా అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. అప్పుడు నేను బాల్కనీలో నిలబడి ఉన్నాను.

ఏప్రిల్ 24

సంస్థ వార్షిక సభలో నాకొక జ్ఞాపిక ఇచ్చారు. సొంతవాళ్ళ లాభం చూసుకోకుండా నిజం బయటపెట్టినందుకట. గాజుది, బరువుగా ఉంది. మా ఆవిడ దాన్ని ఎక్కడ పెట్టిందో నేను అడగలేదు.

మే 4

పేపర్లో ప్రకటన వచ్చింది. ఎర్ర గీతే.

అక్క ఫోన్ చేసింది. రెండుసార్లు మోగి ఆగిపోయింది. మూడోసారి ఎత్తాను.

"పేపరు చూశావా?"

"చూశానక్కా."

"తల్లులందరికీ చెప్పేశాను, పని మొదలయ్యేలోపు పిల్లల్ని ఇంకెక్కడైనా చూసుకోమని. పాలు తాగేవాళ్ళు ఐదుగురున్నార్రా. ఇద్దరైతే ఫ్యాక్టరీ మానేస్తామంటున్నారు. ఏం చేస్తారు పాపం, పోను పదహారు నిమిషాలు, రాను పదహారు నిమిషాలంటే."

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"ఇంకో మాట. సందులో కొంతమంది నిన్ను ఏదేదో అంటున్నారు, నీ తమ్ముడే మన కొంప ముంచాడని. నేను ఊరుకోలేదు. వాడు తలుచుకుంటే ఫలానా అంకె చెప్పండని దొంగచాటుగా మనకి నేర్పించలేకపోయేవాడా, అలా చెయ్యకుండా నిజమే చెప్పమన్నాడు, అదీ మావాడంటే అన్నాను. దాంతో అందరూ నోళ్ళు మూసుకున్నారు."

"..."

"ఉన్నావా?"

"ఉన్నానక్కా."

"మేం చెప్పింది మీవాళ్ళు సరిగ్గానే రాసుకున్నారు కదా?"

"రాసుకున్నారక్కా. అందరిదీ రాసుకున్నారు."

"అయితే సరే. ఇంక నువ్వు దీన్ని మనసులో పెట్టుకుని తిండి మానేసి కూర్చోకు. నువ్వు చెయ్యగలిగిందంతా చేశావు."

"అవునక్కా," అన్నాను.